కౌలాలంపూర్‌లో ఒక దినము – రెండు లిపుల పాఠము

క్రొత్త నగరమునకు వెళ్ళిన యాత్రికుడు సాధారణముగా అక్కడి ఎత్తైన కట్టడమును చూస్తాడు. దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుంటాడు. ఇందులో దోషమేమీ లేదు. కాని నగరమును గ్రంథమువలె చదువవచ్చునని కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. వీధుల పేర్లలో, కరెన్సీ నోట్లపై, ప్రార్థనా మందిరముల గోడలపై నగరము తన చరిత్రను తానే వ్రాసుకుంటుంది. ఆ వ్రాతను చదువుటకు యాత్రికునికి కావలసిన మొదటి సాధనము అతడు ఇంటినుండి వెంట తెచ్చుకున్న భాష. మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో ఒక దంపతులు గడిపిన ఒక పగటిని ఉదాహరణముగా తీసుకొని ఈ విషయమును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆ దంపతులము మేమే. నేను తెలుగు మాధ్యమములో చదివి, తెలుగు బోధించే వృత్తిలో ఉన్నవాడిని. నా శ్రీమతి ఉర్దూ మాధ్యమములో చదివినది. ఇంటిలో ఇద్దరమూ ఉర్దూయే మాట్లాడుకుంటాము. అయినా ఆ లిపిని నేను కూడబలుక్కొని చదువుతాను. తెలుగు దినపత్రికను ఆమె అదే విధముగా చదువుతుంది. బంధువుల ఇంట శుభకార్యమునకు వెళ్ళినప్పుడు నగరమును చూచుటకు మాకు ఒకే ఒక రోజు మిగిలినది. ఆ రోజు ఎక్కువ భాగము నడిచే చూచాము. పాత నగరములోని ముఖ్య స్థలములు ఒకదానికొకటి నడచి వెళ్ళగలిగినంత దగ్గరలోనే ఉన్నవి.

రెండు నదులు కలిసిన చోట

మలయ్ భాషలో 'కౌలా' అనగా నదులు కలిసే చోటు లేక నదీముఖము. 'లంపూర్' అనగా బురద. క్లాంగ్, గోంబాక్ అనే రెండు నదులు కలిసే బురదనేలపై పుట్టినందున నగరమునకు ఆ పేరు వచ్చినది. 1857లో సెలాంగోర్ రాజవంశీకుడైన రాజా అబ్దుల్లా తగరపు గనులు త్రవ్వించుటకు 87 మంది చీనా కూలీలను నదిమార్గమున పంపించాడు. పడవలు ఆ సంగమము వరకే పోగలిగినవి. కూలీలు అక్కడ దిగి అడవిలో నడచి అంపాంగ్ ప్రాంతమునకు వెళ్ళారు. వారిలో చాలామంది మలేరియాకు బలియైపోయారు. వారి వెనుక వచ్చిన వర్తకులు సంగమము వద్ద అంగళ్ళు పెట్టారు. ఆ అంగళ్ళ వరుసయే క్రమముగా పట్టణమైనది. 1880లో సెలాంగోర్ రాజధాని క్లాంగ్ పట్టణమునుండి ఇక్కడకు మారినది. 1881లో అగ్నిప్రమాదము, వరద రెండూ వచ్చి చెక్క ఇండ్ల ఊరిని నాశనము చేసినవి. 1882లో రెసిడెంటుగా వచ్చిన ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ ఇకపై ఇటుక, పెంకులతోనే కట్టవలెనని ఆజ్ఞాపించాడు. చీనా నాయకుడు యాప్ ఆ లోయ్ పట్టణ పునర్నిర్మాణమునకు ముఖ్యముగా తోడ్పడ్డాడు. కనుక ఈ రాజధాని పునాదిలో ఉన్నది మలయ్ ప్రభువు పెట్టుబడి, చీనా కూలీల ప్రాణములు, ఆంగ్ల అధికారి ఆజ్ఞ.

ఉదయము మేము రైలు దిగినది మస్జిద్ జామెక్ స్టేషనులో. సంగమ స్థానములో కొబ్బరిచెట్ల నడుమ ఆ మసీదు నిలిచి ఉన్నది. పూర్వపు మలయ్ శ్మశానస్థలముపై నిర్మించిన దీనిని 1909 డిసెంబరు 23న సెలాంగోర్ సుల్తాను ప్రారంభించాడు. రూపకర్త ఆర్థర్ బెనిసన్ హబ్బక్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి. ఎర్ర ఇటుక వరుసలు, వాటి నడుమ తెల్లని పట్టీలు, మూడు గుమ్మటములు, రెండు మీనారులు. వీటిని చూడగానే నా శ్రీమతి, "ఏమండీ, ఇది మన హైదరాబాదులో ఉండవలసిన కట్టడము కాదూ?" అన్నది. ఆమె మాట నిరాధారమైనది కాదు. బ్రిటిషువారు మొగలు వాస్తువును తమ కట్టడ పద్ధతితో కలిపి భారతదేశములో ఒక శైలిని తయారు చేశారు. హైదరాబాదు హైకోర్టు, కాచిగూడ రైల్వే స్టేషను ఆ శైలికి చెందినవే. అదే శైలిని వారు సముద్రము దాటించి మలయా తీసుకువెళ్ళారు.

మసీదు బయట వీధి పేరు పలకపై రోమన్ అక్షరములతోబాటు అరబీ లిపిని పోలిన వ్రాత కనిపించినది. దానిని 'జావీ' లిపి అంటారు. మలయ్ భాషను శతాబ్దములపాటు ఆ లిపిలోనే వ్రాశారు. నా శ్రీమతి నిలబడి 'జాలాన్' అని చదివినది. మలయ్ భాషలో ఆ మాటకు వీధి అని అర్థము. అర్థము తెలియకుండానే ఆమె మాటను చదువగలిగినది.

కొంతసేపటికి టీకొట్టులో చిల్లర తీసుకున్నప్పుడు ఇంకొక అనుభవము కలిగినది. రింగిట్ నోటుపై జావీ లిపిలో బ్యాంకు పేరు ఉన్నది. ఆమె మొదటి మాట చదివి రెండవ మాట వద్ద ఆగిపోయినది. అక్కడ 'కాఫ్' అక్షరముపై ఒక చుక్క ఉన్నది. ఉర్దూలో అటువంటి అక్షరము లేదు. నోటుకు రెండవ ప్రక్కన రోమన్ లిపిలో ఉన్న మాటను నేను చదివి 'నెగారా' అన్నాను. అది మన 'నగర' శబ్దమే. కాకపోతే సంస్కృతములో పట్టణమునకు వాడిన మాటను మలయ్ ప్రజలు దేశమునకు వాడుతున్నారు. 'బ్యాంక్ నెగారా మలేషియా' అనగా మలేషియా దేశపు కేంద్ర బ్యాంకు. ఆ నోటుపై అక్షరము ఆమెకు తెలిసినది. శబ్దము నాకు తెలిసినది. ఇద్దరము కలిస్తే గాని మాట పూర్తి కాలేదు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన భాషాశాస్త్ర విషయము ఒకటి ఉన్నది. అరబీ లిపిలో గ, ప, చ ధ్వనులకు అక్షరములు లేవు. జావీ లిపి 'కాఫ్'పై ఒక చుక్క పెట్టి 'గ'ను, 'ఫే'పై మూడు చుక్కలు పెట్టి 'ప'ను సృష్టించుకున్నది. 'ఙ' ధ్వనికి 'ఐన్'పై మూడు చుక్కలు పెట్టుకున్నది. ఉర్దూ కూడా తన ట, డ ధ్వనులకు 'తే', 'దాల్' అక్షరములపై చిన్న 'తోయ్' గుర్తు చేర్చుకున్నది. పరదేశపు లిపిని తీసుకున్న ప్రతి జాతియు తన నాలుకకు తగినట్లు దానిని దిద్దుకున్నదని దీనివలన తెలుస్తున్నది.

స్వాతంత్ర్య మైదానము

నది దాటగానే సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనము. 1897లో పూర్తియైన ఈ భవనమునకు రాగి గుమ్మటములు, సుమారు 41 మీటర్ల గడియార స్తంభము ఉన్నవి. ఎదురుగా ఉన్న పచ్చిక మైదానము ఒకప్పుడు ఆంగ్లేయుల క్రికెట్ స్థలము. 1957 ఆగస్టు 30 అర్ధరాత్రి ఇక్కడనే బ్రిటిషు పతాకమును దించి మలయా పతాకమును ఎగురవేశారు. మరునాటి ఉదయము మెర్దేకా స్టేడియములో టుంకూ అబ్దుల్ రహమాన్ స్వాతంత్ర్య ప్రకటనను చదివాడు. మైదానమునకు ఇప్పటి పేరు 'దతారన్ మెర్దేకా'. 'మెర్దేకా' అనగా స్వాతంత్ర్యము. ఈ మాట సంస్కృతపు 'మహర్ధిక' శబ్దమునుండి వచ్చినదని పండితులు చెపుతారు. సంపద, శక్తి గలవాడని మూలార్థము. ఎవరికీ దాసుడు కానివాడని తరువాతి అర్థము.

ఆ దేశ పరిపాలనా పదములను వరుసగా పరిశీలించండి. ప్రధానమంత్రిని 'పెర్దానా మెంతెరి' అంటారు. ఇది మన మాటయే. పార్లమెంటు దిగువ సభను 'దెవాన్ రక్యత్' అంటారు. అందులో 'దెవాన్' పారసీ 'దీవాన్', 'రక్యత్' అరబీ 'రఅయ్యత్'. ఆ 'రఅయ్యత్' నుండియే మన తెలుగు 'రైతు' పుట్టినది. మలయ్ దేశములో ఆ మాట ప్రజలందరినీ చెప్పినది. మన దేశములో నేల దున్నేవానికి పరిమితమైనది. ఈ సంగతి చెప్పినప్పుడు నా శ్రీమతి, "అయితే మన ఊరి రైతు కూర్చోవలసిన సభ అన్నమాట" అన్నది.

అంగడిలో వినిపించిన మాటలు

మధ్యాహ్నమునకు 'పసార్ సెని' చేరాము. 1888లో కూరగాయలు, చేపల అంగడిగా మొదలైన ఈ స్థలములో ఇప్పుడున్న భవనము 1937 నాటిది. 1986 నుండి ఇది హస్తకళల విక్రయశాల. 'పసార్' అనగా బజారు. మాట కూడా 'బాజార్' నుండి వచ్చినదే. దగ్గరలో తమిళనాడు నుండి వలస వచ్చిన ముస్లిముల వంశీయుల భోజనశాలలో రోటీ చనాయ్ తిన్నాము. మైదాపిండిని చేతులతో గాలిలో తిప్పి పలుచగా సాచి, మడిచి పెనముపై కాల్చి, పప్పుతో వడ్డించే రొట్టె అది.

అక్కడ గోడపై ఉపవాస మాసపు వేళల పట్టిక ఒకటి అంటించి ఉన్నది. దానిపై ఉన్న మాట 'పుఆసా'. మన ఇండ్లలో 'రోజా' అనే దానిని మలయ్ ముస్లిములు 'పుఆసా' అంటారు. ఇది 'ఉపవాస' శబ్దమునకు రూపాంతరము. అంతటితో ఆగలేదు. వారు స్వర్గమును 'శుర్గా', నరకమును 'నెరాకా', పుణ్యఫలమును 'పహలా', పాపమును 'దోసా', మతమును 'ఆగమా' అంటారు. ఇవన్నియు స్వర్గ, నరక, ఫల, దోష, ఆగమ శబ్దములే. వీటి ప్రక్కనే దునియా, ఆఖిరత్, కితాబ్, ఇల్ము, వక్తు మొదలైన అరబీ మాటలు అదే వాక్యములో నిస్సంకోచముగా కూర్చుంటాయి. దంపతులను మలయ్ భాషలో ఏమంటారో తెలుసునా? 'సుఆమీ ఇస్తెరి'. అనగా స్వామి, స్త్రీ. ఈ మాట విని మా ఆవిడ చాలాసేపు నవ్వినది.

క్రొత్త మతమును స్వీకరించిన జాతి తన పాత మాటలను పారవేయనవసరము లేదని ఈ పదములు సాక్ష్యమిస్తున్నవి. ఇందుకు పురాతనమైన ఆధారము తెరెంగాను శాసనము. క్రీ.శ. 1303 నాటిదని సాధారణముగా చెప్పబడే ఆ శిలాశాసనము జావీ లిపిలో మనకు లభించిన అతి ప్రాచీనమైన వ్రాతలలో ఒకటి. ఇస్లామ్ ధర్మమును అనుసరించవలెనని ప్రజలకు ఆదేశించే శాసనమది. అందులో దైవమును పేర్కొన్నచోట 'దెవతా ములియా రాయా' అని ఉన్నది. లిపి అరబీది, మాట 'దేవతా'. దీనిని 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు.

మా చదువు పనికిరాని వీధి

తరువాత వెళ్ళినది శ్రీ మహామారియమ్మన్ దేవాలయము. తంబుసామి పిళ్ళై 1873లో స్థాపించిన ఈ ఆలయమునకు అయిదు అంతస్తుల గోపురము ఉన్నది. తైపూసమ్ పండుగకు వెండి రథము ఇక్కడనుండియే 272 మెట్ల బాతు గుహలకు బయలుదేరుతుంది. ఆ వీధిలోనే చీనీయుల గ్వాన్ ది ఆలయము, ప్రక్కన పెటాలింగ్ వీధి. అక్కడి పలకలన్నియు తమిళములోను, చీనా భాషలోను ఉన్నవి. ఒక్క మాట కూడా మేము చదువలేకపోయాము. ఎంత చదివినవానికైనా చదువురాని వీధి ఒకటి ఉంటుందని తెలుసుకొనుట యాత్రలో మంచి విషయమే.

తెలుగువారి జాడ ఆ దేశములో లేకపోలేదు. బ్రిటిషు పాలనలో ఉత్తర కోస్తా జిల్లాలనుండి తెలుగు కూలీలు రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్ళారు. వారి సంతతివారు 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకున్నారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరుగగా, రెండవ మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగినవి.

నగరములో ఇన్ని జాతులు కలిసి జీవించుట ఎల్లప్పుడూ సుఖముగా సాగినదని భ్రమపడకూడదు. 1969 మే 13న ఈ వీధులకు సమీపములోనే మలయ్, చీనా ప్రజల నడుమ ఘర్షణలు చెలరేగినవి. మృతుల సంఖ్య 196 అని ప్రభుత్వము ప్రకటించినది. నదులు కలియుట ప్రకృతి ధర్మము. మనుష్యులు కలిసి ఉండుటకు ప్రతి తరము మరల ప్రయత్నము చేయవలసి ఉంటుంది.

లిపి పోతే ఏమి పోతుంది?

హబ్బక్ రూపొందించిన 1910 నాటి పాత రైల్వే స్టేషను మీదుగా జాతీయ మసీదుకు నడిచాము. 1965లో ప్రారంభమైన ఈ మసీదు పైకప్పు తెరచిన గొడుగువలెను, 73 మీటర్ల మీనారు ముడిచిన గొడుగువలెను ఉంటాయి. ఎండ, వాన రెండూ ఎక్కువగా ఉన్న దేశమునకు తగిన ఊహ. స్వతంత్ర దేశము గుమ్మటములను అరువు తెచ్చుకొనక తన గొడుగును తానే తెరచుకున్నది.

సమీపమున 1998లో ప్రారంభమైన ఇస్లామీయ కళల మ్యూజియము ఉన్నది. అందులో భారతదేశమునకు, చీనాకు, మలయ్ ప్రపంచమునకు వేరువేరు శాలలు ఉన్నవి. మలయ్ శాలలో జావీ లిపి వ్రాతప్రతుల వద్ద కొందరు కళాశాల విద్యార్థులు నిలబడి ఉన్నారు. మాతృభాష మలయే అయినా ఆ ప్రతులను వారు చదువలేకపోతున్నారు. వారిలో ఒక అమ్మాయి నా శ్రీమతిని ఆంగ్లములో అడిగి ఒక పంక్తి చదివించుకున్నది. నా శ్రీమతి అక్షరములు పలికినది. అమ్మాయి అర్థము చెప్పినది.

దీనికి కారణము తెలుసుకోదగినది. ఆ దేశపు జాతీయ భాషా చట్టము మలయ్ భాషకు రోమన్ లిపిని అధికార లిపిగా నిర్ణయించినది. జావీని నిషేధించలేదు. కాని పాఠశాల, పత్రిక, కార్యాలయము రోమన్ లిపికి మారగా జావీ చాలామందికి మతవిద్యలోని అక్షరములకే పరిమితమైనది. భాష బ్రతికే ఉన్నది. తాతగారి ఉత్తరము మాత్రము మనుమనికి చదువ వీలుకాని కాగితమైనది.

ఈ సంగతి మన ఇంటికి దూరమైనది కాదు. ఉర్దూ చక్కగా మాట్లాడుతూ తల్లి వ్రాసిన చీటీని చదువలేని పిల్లలు మన మధ్య ఉన్నారు. తెలుగు మాటలను ఆంగ్ల అక్షరములతో ఫోనులో వ్రాసుకుంటూ గుణింతములు మరచిపోతున్న పిల్లలు కూడా ఉన్నారు. వారి లిపిని ఏ చట్టమూ తీసివేయలేదు. వాడుక తప్పుటవలన అది తానే జారిపోతున్నది.

సాయంకాలపు గోపురములు

సాయంకాలము రైలులో పెట్రోనాస్ జంట గోపురములు చేరాము. 452 మీటర్ల ఎత్తు, 88 అంతస్తులు. 41, 42 అంతస్తుల వద్ద రెండు గోపురములను కలుపుతూ నేలకు 170 మీటర్ల ఎత్తున వంతెన. 1998 నుండి 2004 వరకు ఇవి ప్రపంచములో అన్నిటికంటె ఎత్తైన కట్టడములు. ఇప్పుడు అదే నగరములో 678.9 మీటర్ల 'మెర్దేకా 118' వీటిని మించి లేచినది. మేము పైకి ఎక్కలేదు. అక్కడ ఉన్న చిత్రపటములో గోపురముల పునాది రూపమును మాత్రము శ్రద్ధగా చూచాము. రెండు చతురస్రములను ఒకదానిపై ఒకటి అడ్డముగా వేసిన ఎనిమిది కోణముల నక్షత్రమది. నా శ్రీమతి దానిని వెంటనే గుర్తించినది. ఖుర్ఆన్ ప్రతులలో పఠన భాగములను చూపుటకు వేసే గుర్తు అదే. శిల్పి సీజర్ పెల్లి ఆ నక్షత్రమునకు మూలలలో చిన్న వృత్తభాగములను చేర్చి గోపురములను రూపొందించాడు. ప్రక్కన ఫోటోలు తీసుకుంటున్న వందలాది జనులు చూచిన గోపురములనే మేమూ చూచాము. కాని చిన్నతనమున మదరసాలో ఆమె నేర్చిన ఒక గుర్తు ఆ కట్టడమునకు అర్థము చెప్పినది.

విద్యార్థులకు, కళాశాల సంఘమునకు

ఉర్దూ చదివితే ఏమి లాభము, తెలుగు చదివితే ఎక్కడ పనికివస్తుంది అని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయకూడదు. ఉద్యోగము వెదుక్కొనేవారి ఆందోళన అందులో ఉన్నది. ఆంగ్లము తప్పక నేర్చుకోవాలి. కాని ఆంగ్లము మాత్రమే తెలిసిన యాత్రికునికి ఆ నోటుపై జావీ అక్షరములు అలంకారముగా కనిపిస్తాయి. 'పెర్దానా మెంతెరి' అర్థములేని శబ్దముగా వినిపిస్తుంది. రెండు భాషల కళాశాలలో చదివినవారికి అవి రెండూ బంధువుల పిలుపువలె వినిపిస్తాయి. మన కళాశాల ఇచ్చే ఈ చదువు సగము సగముగా మిగిలిపోకూడదు. ఉర్దూ విభాగపు విద్యార్థి తెలుగు లిపిని, తెలుగు విభాగపు విద్యార్థి ఉర్దూ లిపిని కనీసము పలకలు చదివేంతవరకైనా నేర్చుకోవాలి.

ఇటువంటి చదువు ఈ గడ్డకు క్రొత్తది కాదు. గోల్కొండను పాలించిన కుతుబ్ షాహీల కాలములో రాజశాసనములు పారసీ, తెలుగు రెండు భాషలలోను వెలువడినవి. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించగా వారు ఆయనను 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు.

కనుక కళాశాల సంఘమువారికి ఒక మనవి. ఏటేటా జరిగే విహారయాత్రలో ఉర్దూ విద్యార్థిని, తెలుగు విద్యార్థిని జంటగా పంపండి. ఇద్దరికీ కలిపి ఒకే నోటుపుస్తకము ఇవ్వండి. సమాధులపై, కోటగోడలపై, మసీదుల, దేవాలయముల ద్వారములపై ఉన్న వ్రాతలను వారు కలిసి ఎత్తి వ్రాయాలి. ఒకరు చదువలేనిది రెండవవారు చదువుతారు. ఇద్దరూ చదువలేనిదానిని తెలిసినవారిని అడిగి తెలుసుకుంటారు. ఆ నోటుపుస్తకములలో మంచివి మరుసటి సంవత్సరపు ఈ పత్రికలో ప్రచురించవచ్చును.

అభ్యాసము

1. మీ ఇంటిలో వాడే తెలుగు మాటలలో అరబీ, పారసీ మూలము గలవి ఇరువది వ్రాయండి. ఉదాహరణ: రైతు, జిల్లా, వకీలు.

2. మీ ఇంటి ఉర్దూలో కలిసిన తెలుగు మాటలను పెద్దలనడిగి సేకరించండి.

3. పైన చెప్పిన నెగారా, ఆగమా, రక్యత్ మాటలకు మూలార్థము ఏది, నేటి మలయ్ అర్థము ఏది, ఆ మార్పుకు కారణము ఏమై ఉండవచ్చును? మీ తరగతిలో చర్చించండి.

4. మీ తాతగారో, నానమ్మగారో వ్రాసిన ఒక ఉత్తరమును సంపాదించి స్వయముగా చదవండి. చదువ వీలుకాకపోతే, చదువగలిగినవారు ఇంటిలో ఉండగానే వారి వద్ద కూర్చొని నేర్చుకోండి.